రెండు గళ్ళలోనూ టిక్కు పెట్టినవాడు

మీరంతా ఇప్పుడు ఫోన్లోనే పాఠాలు పంపుతున్నారట, జవాబులు కూడా ఫోన్లోనే దిద్దుతున్నారట. మొన్న మా పాత ఆఫీసుకు వెళ్తే కొత్తగా చేరిన ఒక అమ్మాయి చూపించింది. అవతలివాళ్ళు ఏదైనా ప్రశ్న అడిగితే, ముందే రాసిపెట్టుకున్న జవాబుల్లోంచి ఒకటి వేలితో నొక్కి పంపించేస్తోంది. "ఎంత ఈజీనో చూడుండ్రి అంకుల్" అంది. ఆ సులువు మాకూ తెలుసు తల్లీ, కాకపోతే మాది కాగితం మీద జరిగేది అన్నాను. ఆ అమ్మాయి నవ్వి టీ తెప్పించింది. ఆ టీ తాగుతూ మొదలుపెట్టి, మధ్యలో ఆపేసిన సంగతి ఇది. అక్కడ చెప్పలేకపోయింది ఇక్కడ రాస్తున్నాను.

మా ఆఫీసు జనగామ స్టేషనుకు దగ్గర్లో రెండు గదుల్లో ఉండేది. పోస్టులో సువార్త పాఠాలు పంపడం మా పని. ఎవరు కార్డు రాసినా మొదటి పాఠం ఉచితంగా వెళ్తుంది. పాఠం చివర జవాబు పత్రం ఉంటుంది. అది నింపి మాకు పంపితే, దిద్ది, దాంతోపాటు రెండో పాఠం పంపిస్తాం. అలా పన్నెండు పాఠాలు. అన్నీ పూర్తిచేసినవాళ్ళకు సర్టిఫికెట్. నేను ఆ జవాబులు దిద్దేవాణ్ని. ఇరవై రెండేళ్ళు దిద్దాను. ఎర్ర సిరా నా చొక్కా జేబులకు ఎంత అంటిందో మా ఆవిడను అడిగితే ఇప్పటికీ చెబుతుంది.

ఆఫీసులో నలుగురం. నలుగురికీ మోక్షం విషయంలో నాలుగు దారులు.

మా పెద్దసారు గోదావరి వైపు నుంచి వచ్చినాయన. ఎవరు రక్షణ పొందుతారో ఎవరు పొందరో దేవుడు లోకం పుట్టకముందే నిర్ణయించేశాడని ఆయన గట్టి నమ్మకం. మనిషి చేయగలిగింది ఏమీ లేదంటారు. అంత నమ్మినాయన, ఒక్క జవాబు పత్రం కనపడకపోతే బల్లల కింద దూరి మరీ వెతికేవారు. నా సంగతి వేరు. నమ్మడం, నమ్మకపోవడం మనిషి చేతిలోనే ఉందని నా నమ్మకం. అయితే నమ్మకం తప్ప మనిషి చేసే ఏ మంచిపనీ అతన్ని రక్షించలేదని కూడా నేను అంతే గట్టిగా అనేవాణ్ని.

సర్టిఫికెట్ల మీద పేర్లు రాసే అక్క ఒకామె ఉండేది. ముత్యాల్లాంటి అక్షరాలు ఆమెవి. ఆమె కేథలిక్కు, ఆర్.సి. గుడికి పోయేది. విశ్వాసంతో పాటు మంచిపనులు కూడా ఉండాల్సిందేనని ఆమె మాట. నేను వాదనకు దిగితే కలం పక్కన పెట్టి, "నమ్ముతున్న నమ్ముతున్న అంటె అయిపాయెనా తమ్మీ? నిన్ను బిడ్డ లెక్క సూసుకుంట, నా మాట నమ్ము అని మా అత్త పెండ్లినాడు చెప్పింది. నమ్మిన. బువ్వ మాత్రం నేనే వండుకున్న" అనేది. దీనికి జవాబు ఏ పాఠంలోనూ దొరకలేదు.

నాలుగో మనిషి మా అటెండరు భాయ్. ఇంట్లో దక్కనీ మాట్లాడే మనిషి, రంజాన్ నెలంతా ఉపవాసం ఉంటూనే మా పాఠాల కట్టలు కట్టేవాడు. ఏళ్ళ తరబడి ఆ కాగితాల మధ్య తిరిగి పన్నెండు పాఠాల జవాబులూ అతనికి నోటికి వచ్చేశాయి. నేను జవాబుల కీ వెతుక్కుంటుంటే దారం ముడి వేస్తూనే అందించేవాడు. నువ్వే పరీక్ష రాయొచ్చు కదా భాయ్ అంటే, "నా పర్చా ఎవలు దిద్దాల్నో ఆయననే దిద్దుతడు సార్, మీరు పరేషాన్ గాకుండ్రి" అని కట్ట భుజాన వేసుకుని పోస్టాఫీసుకు పోయేవాడు.

ఇక మా పాఠాల్లో అందరూ తడబడే చోటు ఎనిమిదో పాఠం ఐదో ప్రశ్న. రక్షణకు క్రియలు, అంటే మంచిపనులు, అవసరమా అని ప్రశ్న. పక్కన రెండు గళ్ళు. ఒకటి 'అవసరం', రెండోది 'అవసరం లేదు'. రెండో గడిలో టిక్కు పెట్టాలి. మొదటి గడిలో పెడితే తప్పు. మిగతా ప్రశ్నలు ఒకటి రెండు పోయినా ఫరవాలేదు కానీ, ఇది పోతే తొమ్మిదో పాఠం వెళ్ళదని మా రూలు. ఎనిమిదో పాఠమే మళ్ళీ పంపించాలి. ఆ రూలు పెట్టించింది నేనే. పెద్దసారు కూడా అంత పట్టుదలగా లేరు.

జవాబు పత్రం అడుగున 'మీకేమైనా సందేహాలుంటే ఇక్కడ వ్రాయుడి' అని నాలుగు గీతలు ఉండేవి. ఆ నాలుగు గీతల్లో జనం రాసేవి చూస్తే ఏడవాలో నవ్వాలో తెలిసేది కాదు. బర్రె పాలు ఇస్తలేదు, కొడుక్కు నౌకరి రాలేదు, మంచి విశ్వాసి సంబంధం చూడండి. వీటన్నిటికీ చేత్తో జవాబు రాయాలంటే ఆరుగురు చాలరు. అందుకని పద్నాలుగు రకాల చీటీలు అచ్చు వేయించుకున్నాం. నౌకరి అడిగితే మూడో నంబరు, సంబంధం అడిగితే తొమ్మిదో నంబరు, బర్రెకు పదకొండు. సిద్ధాంతం గురించి ఏదైనా అడిగితే ఏడో నంబరు. 'మీ సందేహమునకు సమాధానము పాఠములోనే యున్నది. ప్రార్థనాపూర్వకముగా మరల చదువుడి' అని దాని మీద ఉండేది. నేను సందేహం మొదటి వరస చూసి, చీటీ తీసి కవరులో పడేసేవాణ్ని. చెయ్యి ఎంత అలవాటు పడిందంటే, కళ్ళు మూసుకుని కూడా ఏడో నంబరు డబ్బాలోంచి చీటీ తీయగలిగేవాణ్ని. అదో గొప్ప అనుకునేవాణ్ని అప్పట్లో.

రెండు వేల పదకొండు వానాకాలంలో భూపాలపల్లి నుంచి ఒకాయన ఎనిమిదో పాఠం జవాబులు వచ్చాయి. బొగ్గుబాయిలో పనిచేసే మనిషి. ఏడు పాఠాలు చక్కగా పాసయ్యాడు. ఎనిమిదో పాఠం ఐదో ప్రశ్నకు రెండు గళ్ళలోనూ టిక్కు పెట్టాడు. పొరపాటు పడ్డాడనుకుని తప్పు కొట్టాను. కింద సందేహంలో ఏదో రాశాడు. నమ్మనివాళ్ళ సంగతేంటి అన్నట్టుగా మొదలైంది. ఏడో నంబరు వేశాను. పాఠం మళ్ళీ పంపించాను.

రెండోసారి కూడా రెండు గళ్ళలో టిక్కులు. మళ్ళీ తప్పు, మళ్ళీ ఏడో నంబరు. మూడోసారి పత్రం వచ్చేసరికి మా బల్లల మీద కాగితాలు కొండలా పేరుకుపోయి ఉన్నాయి. రాష్ట్రం కోసం సమ్మె మొదలైంది. బస్సులు డిపోల్లోనే ఉండిపోయాయి. రైళ్ళు ఆగినప్పుడు టపా కూడా ఆగి, ఒక్కసారిగా వచ్చి మీద పడేది. ఆ కొండను దించే తొందరలో మూడోసారీ అదే చేశాను. ఆ నాలుగు గీతల్లో ఆయన ఏం రాశాడో పూర్తిగా చదవలేదు. ఒక్కసారి కూడా చదవలేదు. ఇది ఎన్ని రకాలుగా చెప్పినా ఇంతకంటే మంచిగా కనపడదు కాబట్టి ఇలాగే చెబుతున్నాను.

తర్వాత వచ్చిన ఉత్తరం ఆయనది కాదు, ఆయన భార్యది. మూడు ఏడో నంబరు చీటీలూ గుండుసూదితో గుచ్చి పంపింది. "అయ్యగారికి వందనాలు. మా ఆయన గుడికి ఒస్తలేడు. ప్రభు బల్ల రొట్టె తీసుకుంటలేడు. ఇంట్ల ప్రార్థనకు కూసుంటలేడు. నాకు రక్షణ ఒద్దు అంటున్నడు. మీ చీటీలు ఒచ్చినంక గిట్లయిండు. మీరే ఏదన్న చెయ్యాలె" అని రాసింది.

లేచి వెళ్ళి ఫైల్లోంచి ఆయన పత్రాలు తీశాను. నిలబడే చదివాను. మొదటిదాంట్లో ఇలా ఉంది: "నమ్మనోల్లు ఏమైతరు సార్. బాయిల నా జోడిదారు నన్ను కూలే కప్పు కింది నుంచి బయటికి నూకి తను సచ్చిపోయిండు. తండా మనిషి. ప్రభువును నమ్మలేదు. ఆయన ఇప్పుడు ఎక్కడ ఉన్నడు." రెండోదాంట్లో అదే ప్రశ్న ఇంకా పెద్ద అక్షరాలతో ఉంది. మూడోదాంట్లో ఒక్క మాటే: "నేను పాఠం అడుగుతలేను. మనిషిని అడుగుతున్న."

ఫోన్ నంబరు ఉంటే చేశాను. జనగామ నుంచి మాట్లాడుతున్నానని చెప్పగానే పెట్టేశాడు.

నాకు చాలా సిగ్గేసింది. నేను నమ్మేదాని ప్రకారం మనిషి కాదంటే దేవుడు కూడా బలవంతపెట్టడు. అంటే ఆ మనిషి నిజంగానే పోగొట్టుకుంటాడు. పోగొట్టుకునేలా చేసింది నేను. వెళ్ళి మాట్లాడి వస్తానని పెద్దసారును అడిగాను. ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు.

"ఆయన ఏర్పరచబడినవాడే అయితే మీరు వెళ్ళకపోయినా వస్తాడండీ. కాకపోతే మీరు వెళ్ళినా రాడు."

"నేను వెళ్ళాలని కూడా ముందే ఏర్పాటైపోయి ఉంటే సార్?"

ఆయన కళ్ళజోడు మళ్ళీ పెట్టుకున్నారు. "అలా అయితే పొద్దున్నే టిఫిన్ చేసి వెళ్ళండి, దారిలో ఏమీ దొరకవు" అన్నారు. బంద్ రోజుల్లో ఆయన యాస వింటే ఎవరైనా ఏమైనా అంటారేమోనని మేము ఆయన్ని బయటికి పోనిచ్చేవాళ్ళం కాదు. ఆయనకు కూరగాయలు కూడా భాయే తెచ్చిపెట్టేవాడు. అంత జరుగుతున్నా ఊరు వదిలి పోలేదాయన.

బస్సుల్లేవు కనుక భాయ్ స్కూటరే దిక్కు. తెల్లారగానే బయలుదేరాం. రఘునాథపల్లి దాటాం, హనుమకొండ దాటాం, పరకాల దాటాం. అప్పుడింకా అంతా వరంగల్ జిల్లాయే. దారి పొడుగునా నేను వెనక కూర్చుని, ఆయనతో ఏం చెప్పాలో వరసలు కట్టుకుంటున్నాను. మొదట ఇది, ఇది ఒప్పుకోకపోతే అది. గాలికి సగం మాటలు భాయ్ చెవిన పడుతున్నాయి. "సార్, గిన్ని చెప్తరా? పాపం ఆయన ఇంట్ల లేకుంటే బాగుండు" అన్నాడు.

రేగొండ దగ్గర రోడ్డుకు అడ్డంగా పొయ్యిలు వెలుగుతున్నాయి. ఆ రోజుల్లో అదొక రకం నిరసన. నడిరోడ్డు మీద వంట చేసి అక్కడే అందరూ తినేవాళ్ళు. తినడం అయ్యేదాకా బండి కదిలేది లేదు. అర్జెంటు పని ఉంది, పోనివ్వండని బతిమాలాను. వంకాయలు కోస్తున్న ఒకామె తలెత్తింది.

"ఏం పనంటది?"

నేను నోరు తెరిచేలోపే భాయ్ చెప్పేశాడు. "భూపాలపల్లిల ఒకాయన స్వర్గం ఒద్దంటున్నడంట అక్కా. ఒప్పియ్యనీకి పోతున్నం."

ఆమె పక్కనున్నవాళ్ళకు చెప్పింది. అందరూ నవ్వారు. "తెలంగాణ ఒస్తె స్వర్గం గీడనే ఉంటది, గప్పుడు ఎవ్వలు ఒద్దనరు. కూసో సారూ" అని నా చేతికి కత్తిపీట ఇచ్చింది. ఏళ్ళ తరబడి కలం పట్టిన చేత్తో వంకాయలు కోశాను. ఒక ముక్క లావు, ఒక ముక్క సన్నం. ఆమె చూసి పెదవి విరిచింది. నాకు కొంచెం ఉక్రోషం వచ్చి, "పనిచేస్తేనే అన్నం పెడతారా ఏంటి?" అన్నాను.

"చెయ్యకున్న పెడ్తం" అంది ఆమె. "గని కూడు మనదైనప్పుడు ఊకె ఎట్ల కూసుంటవు?"

మా ఎనిమిదో పాఠంలో ఇదే సంగతి నాలుగు పేజీలు ఉంటుంది. నేను నోరుమూసుకుని మిగతా వంకాయలు కోశాను. భాయ్ మాత్రం పప్పు కలుపుతూ అక్కడందరికీ చుట్టమైపోయాడు. తిన్నాక మమ్మల్ని సాగనంపుతూ, ఆ స్వర్గమొద్దన్న మనిషికి తమ తరఫున కూడా ఒక మాట చెప్పమన్నారు.

భూపాలపల్లి చేరేసరికి మధ్యాహ్నం దాటింది. బాయి పని వాళ్ళు కూడా సమ్మెలోనే ఉన్నారు. ఆయన సమ్మె టెంటులో, నేల మీద పరిచిన గోనెపట్టా మీద కూర్చుని ఉన్నాడు. నలభై అయిదేళ్ళుంటాయి. బక్క మనిషి, ఎడమ భుజం కొంచెం కిందికి వాలి ఉంది. నేనెవరో చెప్పాను. ఆయన కోప్పడతాడనుకున్నాను. నన్ను కింది నుంచి పైదాకా చూసి, "ఎన్నో నంబరు తెచ్చిన్రు సార్?" అన్నాడు.

భాయ్ పక్కకు తిరిగి దగ్గాడు. అది దగ్గు కాదని నాకు తెలుసు.

ఇంటికి తీసుకువెళ్ళాడు. కార్మికుల క్వార్టర్లలో ఒకటి. ఆయన భార్య మాకు టీ ఇచ్చి, లోపలి గది గుమ్మం పట్టుకుని నిలబడింది. నేను కట్టుకొచ్చిన వరసల్లో మొదటిది ఎత్తుకున్నాను. రక్షణ అనేది మన పనుల వల్ల వచ్చేది కాదు, అది ఊరికే ఇచ్చేది, చెయ్యి చాపి తీసుకోవడమే మన వంతు. ఆయన చివరిదాకా విన్నాడు.

"సార్, నేను ఎందుకు రెండు టిక్కులు పెట్టిన్నో అడగరా?"

అడగాలని నాకు తట్టనే లేదు.

"గా రోజు నేను ఏం చేసిన్నో చెప్త. ఏం చెయ్యలే. కప్పు పటపటమన్నది. నాకు కాళ్ళు ఆడలే. వాడు ఎనక నుంచి నూకిండు, నేను బయట పడ్డ. నేను బతికిన దాంట్ల నా పని ఏం లేదు. గందుకు అవసరం లేదు అని టిక్కు పెట్టిన. మల్ల వాడు నూకకపోతే నేను లేను గద. వాడు చేసింది పనే గద. గందుకు అవసరం అని గూడ పెట్టిన. రెండిట్ల ఏది తప్పు సార్?"

ఆయన భుజం ఎందుకు వాలిందో అప్పుడర్థమైంది. ఆ తోపులో పడ్డప్పుడు విరిగిందట.

"అయితే అయింది, మార్కుల కోసం గాదు" అన్నాడు. "వాడు యాడున్నడు? గదొక్కటి చెప్పున్రి. పదేండ్లు ఒక్క జోడి మేము. వానికి నేను, నాకు వాడు. వాడు గుడికి రాలేదు, నేను గూడ రా అని గట్టిగ అడగలే. రేపు చెప్త, ఎల్లుండి చెప్త అనుకున్న. మీ పాఠం ప్రకారం వాడు లోపలికి రాడు. నేను మాత్రం వాడు నూకిన పానంతోటి లోపలికి పోయి కూసుండాల్నా? వాడు లేని కాడికి నేను రాను. ఒద్దు అననీకి నాకు హక్కున్నదా లేదా సార్? మనిషిని దేవుడు బలిమి చెయ్యడని మీ పదో పాఠంల ఉన్నదంట గద, మా ఆమెకు మీ పాఠాలన్ని అయినయి, గామె సదివి చెప్పింది."

ఉంది. పదో పాఠం రాసినవాళ్ళలో నేనూ ఒకణ్ని. మనిషి స్వేచ్ఛ గురించి ఎంత వాదించానో ఆఫీసులో, ఆ స్వేచ్ఛ ఇలా ఎదురుగా కూర్చుని నన్నే చూస్తుంటే, పెద్దసారు చెప్పిందే నిజమైతే ఎంత బాగుండునో అనిపించింది. నా వరసల్లో రెండోది, మూడోది గుర్తు చేసుకున్నాను. రెండూ వదిలేశాను.

"నాకు తెల్వదన్నా" అన్నాను. ఆఫీసు భాష నోట్లోంచి ఎప్పుడు పోయిందో నాకే తెలియదు. "నిజంగనే తెల్వదు."

ఆయన నా మొహం చూశాడు. "గదే రాసేది ఉండె గద సార్ మొదలే" అన్నాడు మెల్లగా. "నేను గుడికి పోవుడు బందు పెట్టకపోదును."

అప్పుడే పక్క క్వార్టరు నుంచి ఒక ముసలామె వచ్చింది. చేతుల నిండా తెల్ల గాజులు, వెండి కడియాలు. చుట్టాలొచ్చారని విని చూసిపోదామని వచ్చినట్టుంది. ఈయన లేచి చాప జరిపి, "కూసో యాడీ" అన్నాడు. చనిపోయిన జోడిదారు తల్లి ఆమె. దంతాలపల్లి దగ్గరి తండా వాళ్ళది. కొడుకు పోయాక కోడలికి బాయి మీద నౌకరి ఇచ్చారట, కోడలితో ఇక్కడే ఉంటోంది. యాడి అంటే వాళ్ళ భాషలో అమ్మ.

"ఏం లొల్లి?" అంది మమ్మల్ని చూసి.

ఈయన చెప్పలేదు. గుమ్మంలో నిలబడ్డ భార్య చెప్పింది. "నీ కొడుకు లేని కాడికి పోనంటున్నడు యాడీ. దేవుని దగ్గరికి."

ముసలామెకు ముందు అర్థం కాలేదు. ఇంకోసారి చెప్పించుకుంది. తర్వాత ఆయన వాలిన భుజం మీద అరచేత్తో ఒక్కటి వేసింది. గట్టిగానే తగిలింది.

"నా కొడుకు నిన్ను నూకింది గందుకేనా? నేను రాను, ఒద్దు అనుకుంట కూసుండనీకా? వాడు బయటికి నూకిండు. నూకినోని మొకం సూసి బయటికి పో. లోపట్నె కూసుంటె వాడు నూకింది ఏం కావాలె? నా కొడుకు ఊకెనే పోయినట్టు గాదా?"

ఆమె ఊపిరి తీసుకుని, గొంతు తగ్గించింది.

"వాని సంగతి వాడు, వాని దేవుడు సూసుకుంటరు. నేను పొద్దుగాల లేవంగనే వాని పేరు తీసి మొక్కుతా. గంతే నాకు చాతనైంది. నువ్వు తీస్తున్నవా?"

"లే యాడీ" అన్నాడు ఆయన. తల దించుకున్నాడు. "భయమైతది."

ఆ మాటకు ఆయన భార్య ఏడ్చేసింది. ఆయన నా వైపు తిరిగాడు.

"సార్, ఒక్కటి అడుగుత. నాకు నోరు ఒస్తలేదు. మీరు తీయున్రి వాని పేరు. వాని కోసం ఒక్క ప్రార్థన చెయ్యిన్రి. మీరు చేస్తె నేను ఆదివారం గుడికి పోత."

ఇక్కడ మీకొక సంగతి చెప్పాలి. మా సంఘాల్లో చనిపోయినవాళ్ళ కోసం ప్రార్థన చెయ్యం. ఎవరి సంగతైనా బతికుండగానే తేలాలి, తర్వాత ఎవరు ఎంత వేడుకున్నా లాభం లేదని మా బోధ. ఆ బోధను నేను పెద్ద పెద్ద సభల్లో నిలబడి చెప్పాను, చెప్పి చప్పట్లు కూడా కొట్టించుకున్నాను. నేను వద్దంటే ఈ మనిషి గుడికి రాడు. చేస్తే, నేను తప్పని నేర్పిందే నా నోటితో చేసినట్టు. భాయ్ వైపు చూశాను, ఏమైనా చెబుతాడేమోనని. అతను అప్పటికే లేచి నిలబడి, తన పద్ధతిలో రెండు అరచేతులూ ముందుకు చాపి, తల వంచుకుని ఉన్నాడు.

నేను కళ్ళు మూసుకున్నాను. ఈ మనిషిని నూకినవాడు నీకు తెలుసు ప్రభువా, నాకు తెలియదు, అని మొదలుపెట్టాను. యాడిని అడిగి అతని పేరు చెప్పాను. అతనెక్కడున్నాడో నేను చెప్పలేను, నువ్వు చూసుకో అన్నాను. ఇంకేమీ రాలేదు. నా జీవితంలో నేను చేసిన ప్రార్థనల్లో అంత చిన్నది ఇంకొకటి లేదు.

కళ్ళు తెరిస్తే యాడి నన్నే చూస్తోంది. "అయిపాయెనా?" అంది. అయిపోయింది అమ్మా అన్నాను. "పెద్ద సారు గద, ఇంక ఎక్కువ చెప్తవనుకున్న" అంది. మేము ఆ ఇంటికి వచ్చాక ఆయన నవ్వడం అదే మొదటిసారి.

ఆఫీసుకు వెళ్ళాక పెద్దసారుకు అన్నీ చెప్పాను, చేసిన ప్రార్థనతో సహా. నౌకరి పోయినా ఫరవాలేదని గుండె రాయి చేసుకునే చెప్పాను. ఆయన విని, తప్పనీ అనలేదు, ఒప్పనీ అనలేదు. "పోయిన ఆ అబ్బాయి పేరేమిటన్నారు?" అని మాత్రం అడిగారు. చెప్పాను. ఎందుకని నేను అడగలేదు. ఆయనా చెప్పలేదు.

కొన్ని వారాలకు భార్య కార్డు రాసింది. వస్తున్నాడు, వెనక వరసలో కూర్చుంటున్నాడు, మధ్యలో లేచి పోవడం లేదు అని. ఎనిమిదో పాఠం మాత్రం ఆయన మళ్ళీ పంపలేదు, నేనూ అడగలేదు. మా రికార్డుల్లో ఆయన ఈ రోజుకీ ఏడు పాఠాలు పాసైన మనిషే.

మీకు సలహా చెప్పే యోగ్యత నాకుందో లేదో. జవాబులు ముందే రాసిపెట్టుకోండి, తప్పు లేదు. కాకపోతే అవతలివాళ్ళు రాసింది చివరి వరస దాకా చదివాకే వేలు నొక్కండి.

విశ్వాసం సంగతిలో నా సిద్ధాంతం ఏమీ మారలేదు. చనిపోయినవాళ్ళ కోసం ప్రార్థించడం వల్ల లాభం లేదనే ఇప్పటికీ ఎవరడిగినా చెబుతాను. యాడి కూడా పోయిందని ఆ తర్వాత తెలిసింది. ఆ రోజు నుంచి పొద్దున లేవగానే ఆమె కొడుకు పేరు నేను తీస్తున్నాను. ఒక్క రోజు కూడా తప్పలేదు.